వంధ్య సంకర పొగాకు జన్యువులకు కంచె కాగలదా?

గుర్రానికీ గాడిదకూ పుట్టిన కంచరగాడిదకు సంతానం కలగదని జీవశాస్త్ర పాఠ్యపుస్తకాలన్నీ చెబుతాయి. ఈ ఒక్క వాక్యం విద్యార్థి మనస్సులో గట్టిగా నాటుకుపోతుంది. తరువాత ఎక్కడ "భిన్నజాతుల సంకరం" అన్న మాట వినబడినా, దాని వెంట "వంధ్యం" అన్న మాట తనంతట తానే వచ్చి నిలుస్తుంది. జంతువుల విషయంలో ఈ నమ్మకం వల్ల పెద్ద ప్రమాదం లేదు. మొక్కల విషయంలో ఆ మాట చెప్పడానికి వీలులేదు. ఎందుకంటే ఈ నమ్మకం మీదనే ఒక రక్షణ పద్ధతి నిర్మించాలన్న ప్రతిపాదన వచ్చింది. అది పొగాకుకు సంబంధించినది.

పొగాకు జన్యుశాస్త్రజ్ఞులకు చాలాకాలంగా ఇష్టమైన మొక్క. పరాయి జన్యువును మొక్కలో నిలిపే పని 1983లో మొట్టమొదట ఫలించినది పొగాకులోనే. అటువంటి మొక్కలను ఆరుబయట పొలంలో పెంచి చూడడం కూడా 1986లో పొగాకుతోనే ప్రారంభమైంది. ఒక్క మొక్క నుండి బోలెడంత ఆకు వస్తుంది. అది మనిషి తినే పంట కాదు. అందుచేత టీకాలకూ, మందులకూ పనికివచ్చే మాంసకృత్తులను పొగాకు ఆకులో తయారు చేయించవచ్చునన్న ఆలోచన పుట్టింది. ఒక కర్మాగారం చేసే పనిని పొలం చేస్తుందన్నమాట.

అయితే కర్మాగారానికి గోడలుంటాయి, పొలానికి వుండవు. పుప్పొడి తేనెటీగ కాలికి అంటుకుని పక్క చేనికి పోతుంది. విత్తనం నేలలో పడి మరుసటి యేడు మొలుస్తుంది. ఇది వూరికే పడే భయం కాదు. 2002లో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో జరిగింది. ఔషధ జన్యువు గల మొక్కజొన్నను ఒక యేడు వేసిన పొలంలో, మరుసటి యేడు సోయాచిక్కుడు వేశారు. నేలలో మిగిలిన మొక్కజొన్న గింజలు సోయా మధ్య మొలిచాయి. ఆ పంట గిడ్డంగిలో కలిసిపోవడంతో సుమారు 5,00,000 బుషెళ్ల సోయాను వాడకుండా నిలిపివేయవలసి వచ్చింది. గోడ లేని కర్మాగారానికి కంచె కావాలన్న సంగతి ఆనాటితో అందరికీ తెలిసివచ్చింది.

ఆ కంచెగా చూపబడినదే వంధ్య సంకరం. సేద్యపు పొగాకు శాస్త్రీయనామం నికోటియానా టబాకం. దీనిని నికోటియానా గ్లాకా అనే మరొక జాతితో కలిపితే పుట్టే మొదటి తరం సంకరం ఏపుగా పెరుగుతుంది, పూస్తుంది, కాని విత్తనం కట్టదు. కనుక ఔషధ జన్యువును ఈ సంకరంలో వుంచితే అది ఆ మొక్కతోనే పుట్టి ఆ మొక్కతోనే అంతరిస్తుందని వాదం. కెంటకీ, టెనెస్సీ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఈ సంకరం పూచే కాలాన్నీ, దగ్గరి జాతులతో అది కలిసే తీరునూ పరీక్షించి 2013లో ఒక వ్యాసం ప్రచురించారు. వారు జాగ్రత్తగానే మాట్లాడారు. జన్యువు బయటపడడం అరుదుగా వుంటుందన్న ఊహను పరీక్షకు పెట్టారేగాని, అసాధ్యమని వారు అనలేదు. ఆ "అరుదు" చేతులు మారేకొద్దీ "అసాధ్యం"గా మారిపోతుంది. ఇక్కడ విమర్శించదలచినది ఆ మార్పును.

ముందుగా ఈ పద్ధతికి దక్కవలసిన మన్నన దక్కాలి. గ్లాకా దక్షిణ అమెరికా నుండి వచ్చిన పొద. రెండు మూడు నిలువుల ఎత్తు పెరుగుతుంది కనుక దీనిని చెట్టు పొగాకు అంటారు. నీలివన్నె గల నునుపైన ఆకులు, గొట్టాల వంటి పసుపుపచ్చని పువ్వులు. ఇది ఇప్పుడు భారతదేశంతో సహా అనేక దేశాలలో పాడుబడ్డ దిబ్బల మీద, రోడ్ల పక్కన కలుపుమొక్కగా మొలుస్తోంది. దీనిలో ప్రధానమైన క్షారం నికోటిన్ కాదు, అనబాసిన్ అనే విషం. సంకరంలో కూడా అనబాసిన్ కనబడితే ఔషధపు ఆకు పొరపాటున మామూలు పొగాకుతో కలిసినా పరీక్షచేసి పట్టుకోవచ్చును. ఇది తెలివైన ఆలోచనే. తల్లి మొక్కగా పుప్పొడి పుట్టని పురుష వంధ్య పొగాకును వాడితే ఆ గుణం తల్లి కణద్రవ్యం ద్వారా సంకరానికి కూడా వస్తుంది. అంటే పుప్పొడి వైపు తలుపు రెండు గడియలతో మూసినట్లే.

మూయనిది అండం వైపు తలుపు. ఈ సంగతి కొత్తది కాదు, రెండున్నర శతాబ్దాలకు పైబడినది. జర్మనీకి చెందిన కోల్‌రాయిటర్ 1760లో నికోటియానా రుస్టికాను నికోటియానా పానిక్యులేటా పుప్పొడితో కలిపాడు. శాస్త్రీయంగా ప్రయోగించి వివరించిన మొదటి సంకర మొక్క అదేనంటారు. దాని పుప్పొడి ఎండు తొక్కల వలె వుండడం చూచి ఆయన తన మొక్కను కంచరగాడిదతో పోల్చాడు. పాఠ్యపుస్తకాలు కథను ఇక్కడే ఆపివేస్తాయి. ఆయన మాత్రం ఆపలేదు. అదే సంకరపు పువ్వుల మీద తల్లిజాతి, తండ్రిజాతి పుప్పొడిని అద్ది చూశాడు. కొద్దిపాటి విత్తనాలు వచ్చాయి. వాటిని నాటి, వచ్చిన మొక్కలను మళ్లీ మళ్లీ తండ్రిజాతితో కలుపుతూ పోయి, చివరకు రుస్టికా సంతతిని దాదాపు పానిక్యులేటాగా మార్చగలిగాడు. మొట్టమొదటి వంధ్య సంకరమే ఒక జాతి నుండి మరొక జాతికి వంతెన అయిందన్నమాట.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియడానికి క్రోమోసోముల లెక్క చూడాలి. టబాకం కణంలో 48 క్రోమోసోములు, గ్లాకా కణంలో 24. బీజకణాలు తయారయ్యేటప్పుడు ఈ సంఖ్య సగమవుతుంది కనుక సంకరానికి టబాకం నుండి 24, గ్లాకా నుండి 12, మొత్తం 36 వస్తాయి. సంకరం పెరగడానికి ఇవి చాలు. కాని అది పూచి, తన అండాలూ పుప్పొడీ తయారు చేసుకోవలసి వచ్చినప్పుడు చిక్కు వస్తుంది. క్షయకరణ విభజనలో ప్రతి క్రోమోసోమూ తన జతను వెదుక్కోవాలి. ఇక్కడ చాలావాటికి జత లేదు. జత దొరకని క్రోమోసోములు కొన్ని అటు, కొన్ని ఇటు చెదిరిపోతాయి. ఏ బీజకణానికీ పూర్తి సామగ్రి అందదు. అందుకే అవి చచ్చిపోతాయి.

ఈ వివరణ విన్న విద్యార్థి వెంటనే ఒక లెక్క కడతాడు. జతలేని 36 క్రోమోసోములూ యాదృచ్ఛికంగా ఒకే వైపుకు పోవాలంటే, 36 నాణేలు ఎగురవేస్తే అన్నీ బొమ్మలే గాని అన్నీ బొరుసులే గాని పడినట్లు వుండాలి. అది సుమారు 3,436 కోట్ల సార్లలో ఒకసారి జరుగుతుంది. ఇంకేం, కంచె దుర్భేద్యమేనని తోస్తుంది! గణితం తప్పు కాదు. కాని మొక్క నాణేలు ఎగురవేయదు. జతలు కుదరని కణంలో అప్పుడప్పుడు విభజనే సగంలో ఆగిపోతుంది. అటూ ఇటూ పంచవలసిన క్రోమోసోములన్నీ ఒకే కేంద్రకంలో చిక్కుకుని, 36కు 36తో ఒక నిండు అండం తయారవుతుంది. ఇది ఆ నాణేల లెక్క కన్నా ఎన్నో రెట్లు తరచుగా జరిగే పని. విభజనను చెడగొట్టి వంధ్యత్వాన్ని కలిగించే లోపమే విభజనను ఆపివేసి ఫలవంతమైన అండాన్ని కూడా పుట్టించగలదు. పాఠ్యపుస్తకంలో ఈ రెండో సగం సాధారణంగా కనబడదు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో క్లాసెన్, గుడ్‌స్పీడ్ అనే శాస్త్రజ్ఞులు 1925లో దీనికి సాక్ష్యం చూపారు. నికోటియానా గ్లుటినోసా (24 క్రోమోసోములు), టబాకం (48) కలయికలో పుట్టిన 36 క్రోమోసోముల వంధ్య సంకరాల నుండి 72 క్రోమోసోములు గల ఒక మొక్క లభించింది. సంఖ్య రెట్టింపు కావడంతో ప్రతి క్రోమోసోముకూ జత దొరికింది. ఆ మొక్క చక్కగా విత్తనం కట్టింది. వారు దానికి నికోటియానా డిగ్లూటా అని పేరు పెట్టారు. సంకరాలు ఈ విధంగా కొత్త జాతులుగా నిలదొక్కుకోగలవని డెన్మార్కు శాస్త్రజ్ఞుడు వింగే 1917లో చేసిన ఊహకు అది ప్రయోగపూర్వకమైన రుజువు అయింది.

కథ అక్కడితో ముగియలేదు. పొగాకుకు పల్లాకు తెగులు కలిగించే మొజాయిక్ వైరస్‌ను గ్లుటినోసా జాతి తట్టుకోగలదు. ఆ శక్తినిచ్చే జన్యువును డిగ్లూటా మీదుగా, మళ్లీ మళ్లీ టబాకంతో కలపడం ద్వారా హోమ్స్ సేద్యపు పొగాకులోకి తెచ్చి, 1938లో దాని వారసత్వాన్ని వివరించాడు. నేటికీ తెగులును తట్టుకునే పొగాకు రకాలలో ఆ జన్యువు వాడుకలో వున్నది. వంధ్య సంకరం గుండా ఒక జన్యువును దాటించడం ఆనాడు మొక్కల పెంపకందారుల గొప్ప విజయం. అదే దారిని నేడు "దాటరాని కంచె" అనడం వింతగా లేదా? హోమ్స్ పట్టుదలతో చేసిన పనిని తేనెటీగలు పట్టుదలతో చేయవన్నది నిజమే. తరం తరువాత తరం ఎంపిక చేసే మనిషి లేకపోతే ఆ దారి చాలా ఇరుకు. అయినా ఇరుకు దారికీ గోడకూ తేడా వున్నది.

ఇంతకూ సేద్యపు పొగాకు పుట్టుకే ఇటువంటిది. నికోటియానా సిల్వెస్ట్రిస్, నికోటియానా టొమెంటోసిఫార్మిస్ అనే రెండు అడవి జాతులు దక్షిణ అమెరికాలో ఎప్పుడో కలిశాయి. ఒక్కొక్కదానిలో 24 క్రోమోసోములు. సంకరంలో సంఖ్య రెట్టింపై 48 అయింది. ఇది జరిగి రెండు లక్షల సంవత్సరాలు దాటి వుండదని అంచనా. రుస్టికా కూడా అంతే. పానిక్యులేటా వంశపు మొక్క ఒకటి, ఉండ్యులేటా అనే జాతి ఒకటి కలిసి ఏర్పడినది. అంటే కోల్‌రాయిటర్ తనకు తెలియకుండానే రుస్టికాను దాని పూర్వీకుల వంశంతోనే కలిపాడు. అందుకే అతని సంకరంలో కొన్ని క్రోమోసోములకైనా జతలు దొరికాయి. పొలంలో, ఇంటి ముందరి అరుగు మీద, చుట్టలో, బీడీలో కనబడే ఈ మొక్క ఒకప్పటి సంకరం నుండి దిగివచ్చినదే. వంధ్య సంకరాన్ని నమ్మి నిశ్చింతగా వుండమని చెప్పడానికి ప్రకృతిలో ఇంతకన్నా తగని సాక్షిని వెదకడం కష్టం.

ఇక ప్రతిపాదనలో అసలైన బలహీనత మరొకటి వున్నది. దానిని ఎవరూ అంతగా పట్టించుకున్నట్లు కనబడదు. ఔషధ జన్యువును సంకరంలో వుంచుతారని అనడం సులభమే. సంకరంలో ఎవరి క్రోమోసోము మీద? టబాకం వైపా, గ్లాకా వైపా?

టబాకం క్రోమోసోము మీద వుందనుకొందాం. సంకరంలో అరుదుగా ఏర్పడిన 36 క్రోమోసోముల అండం మీద పక్క చేనిలోని మామూలు పొగాకు పుప్పొడి (24) పడితే 60 క్రోమోసోముల మొక్క పుడుతుంది. అందులో టబాకం క్రోమోసోములు 48. అంటే వాటన్నిటికీ జతలున్నాయి. ఔషధ జన్యువు గల క్రోమోసోము కూడా హాయిగా జతకట్టి, సంతతిలో సగానికి సంక్రమిస్తుంది. ఒంటరిగా మిగిలేవి గ్లాకావి 12 మాత్రమే. రెండు మూడు తరాలలో అవి జారిపోతాయి, పొగాకు మిగులుతుంది, దానితో జన్యువూ మిగులుతుంది. అదే జన్యువును గ్లాకా క్రోమోసోము మీద వుంచితే పరిస్థితి తారుమారు. ఒంటరి క్రోమోసోముతో పాటు అది కూడా తరతరానికీ జారిపోతుంది. కనుక సంకరం సంగతి మాత్రమే చూస్తే జన్యువు గ్లాకా వైపు వుండడం మేలు.

కాని సంకరం ఆకాశం నుండి వూడిపడదు. యేటేటా కొత్తగా తయారు చేయవలసినదే. సంకరం వంధ్యమైనా దాని తల్లిదండ్రులు వంధ్యం కావు! గ్లాకాలో జన్యువు వుంచితే, ఆ జన్యువు గల గ్లాకా మొక్కలను పుప్పొడి కోసం పెంచాలి. అది అడవిగుణం గల బహువార్షిక మొక్క, తనకు తానే విత్తనం కట్టుకుంటుంది, దేశదేశాల దిబ్బల మీద మొలిచే అలవాటు వున్నది. దీని పువ్వుల తేనె కోసం అమెరికాలో హమ్మింగ్ పక్షులు వస్తాయి. ఇటువంటి మొక్కకు ఔషధ జన్యువు అప్పగించడం కంటె ప్రమాదం వేరే కావాలా? పోనీ అని టబాకం తల్లిలో వుంచితే, తల్లి పురుష వంధ్యం కనుక దాని నుండి పుప్పొడి రాదు. నిజమే. అయితే పుప్పొడి లేని తల్లి తన వంశాన్ని తాను నిలుపుకోలేదు. దానికి విత్తనం కావాలంటే పుప్పొడిగల సోదర రకం ఒకటి పక్కన వుండాలి. ఆ సోదర రకంలో ఔషధ జన్యువు లేకపోతే తల్లి సంతతిలో కొన్నింటికే జన్యువు అందుతుంది. అన్నింటికీ అందాలంటే సోదర రకంలో కూడా ఆ జన్యువు వుండాలి. అంటే జన్యువు నింపుకొన్న పుప్పొడి విత్తనపు మడిలో తప్పనిసరిగా ఎగురుతూనే వుంటుంది.

ఈ విధంగా సంకరపు పొలంలో కంచె బిగించాలంటే జన్యువు ఒకవైపు వుండాలి, విత్తనపు మడిలో బిగించాలంటే మరొకవైపు వుండాలి. ఒక చోట ముడి వేస్తే మరొక చోట వూడుతుంది. పైగా పొగాకు విత్తనం ఆవగింజ కన్నా చిన్నది. ఒక గ్రాములో పదివేలకు పైగా వుంటాయి. గోనెసంచి మడతలో, కూలివాని చెప్పుకు అంటిన మట్టిలో ఎన్ని పోతాయో ఎవరు లెక్కపెట్టగలరు?

"అరుదు" అన్న మాటను కూడా అంకెలలో పెట్టి చూడాలి. ఊహకు, ఎకరానికి 6,000 సంకర మొక్కలు, మొక్కకు 100 పువ్వులు, పువ్వుకు 2,000 అండాలు అనుకొందాం. అండాల సంఖ్య 120 కోట్లు. ప్రతి పువ్వుకూ పక్క చేని పుప్పొడి అంది, కోటికి ఒక్క అండం ఫలించినా ఎకరానికి 120 విత్తనాలు. పుప్పొడి నూటికి ఒక్క పువ్వుకే చేరితే ఒకటో రెండో. ఇది కేవలం ఊహాగణితం, పరిశోధన ఫలితం కాదు. అయినా ప్రయోగశాలలో కొన్ని వందల పువ్వులకు పుప్పొడి అద్ది "విత్తనం రాలేదు" అని రాసిన నివేదికకూ, వేల ఎకరాల సేద్యానికీ మధ్య ఎంత దూరం వుందో విద్యార్థులు దీనివల్ల గ్రహించవచ్చును.

సంకరం కాని మరొక కంచె చరిత్ర కూడా ఇదే చెబుతుంది. జన్యువును కేంద్రకంలో గాక ఆకులలోని హరితరేణువులలో వుంచే విధానం పొగాకులో 1990లో ఫలించింది. హరితరేణువులు తల్లి నుండి మాత్రమే సంతతికి వస్తాయి గనుక పుప్పొడి ద్వారా జన్యువు పోదన్నారు. తరువాత జర్మనీలో లక్షల మొలకలను ఎంపిక పద్ధతిలో పరీక్షించి 2007లో లెక్క తేల్చారు. తండ్రి హరితరేణువులు పెరిగే కొనకు చేరిన మొలకలు పది లక్షలకు సుమారు 3. అంతకు ముందే 2003లో ఆస్ట్రేలియా పరిశోధకులు సుమారు 16,000 పుప్పొడి రేణువులలో ఒకదానిలో హరితరేణువు జన్యువు కేంద్రకంలోకే దూకినట్లు చూపారు. మెచ్చుకోవలసింది ఏమిటంటే, ఈ శాస్త్రజ్ఞులు కంచెను పొగడలేదు, దాని సందుల కొలత తీశారు. వంధ్య సంకరానికి కూడా అటువంటి కొలతే కావాలి. లక్షల పువ్వుల మీద, అన్ని దగ్గరి జాతుల పుప్పొడితో, విత్తనాలు రాలిన నేలను తరువాతి సంవత్సరాలలో కూడా గాలిస్తూ.

టబాకం, గ్లాకాల జంట గురించి ఇంకొక వింత చెప్పవలసి వుంది. జర్మనీలోనే ప్లాంక్ సంస్థకు చెందిన పరిశోధకులు ఈ రెండు మొక్కలను సంకరం చేయలేదు, అంటు కట్టారు. ఒక్కొక్క మొక్క కేంద్రకంలో ఒక్కొక్క విషపదార్థాన్ని తట్టుకునే జన్యువును ముందుగానే వుంచారు. అంటు అతికిన చోటి కణజాలాన్ని కోసి, రెండు విషాలూ కలిపిన పోషక మాధ్యమంలో పెంచారు. రెండింటినీ తట్టుకుని కొన్ని కణాలు బ్రతికాయి. వాటి నుండి మొక్కలు లేచాయి. వాటిలో 72 క్రోమోసోములు, టబాకం 48కి గ్లాకా 24 కలిసినవి! అవి పూచి విత్తనం కట్టాయి. 2014లో ప్రకటించిన ఈ కొత్త మొక్కకు నికోటియానా టబౌకా అని పేరు పెట్టారు. పొలంలో ఇది జరుగుతుందని భయపడనక్కరలేదు. ఎవరో అంటు కట్టాలి, ఎవరో విషం పోసి వడకట్టాలి. కాని వంధ్యమని పేరుపడిన జంటే, క్రోమోసోములు రెట్టింపైతే వంధ్యం కాదని ఇంతకన్నా సూటిగా తెలియదు.

మరి ఈ సంకరం నిష్ప్రయోజనమా? కాదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల పొగాకు రైతు పువ్వు విచ్చకముందే తలలు తుంచుతాడు, ఆ తరువాత వచ్చే పిలకలు తీస్తాడు. ఆయన ఆకు బరువు కోసం చేసే ఈ పని ఔషధ పొగాకులో జన్యువును ఆపడానికి వంధ్యత్వం కన్నా నమ్మదగిన ఉపాయం. పువ్వే లేకపోతే అండం ప్రసక్తి రాదు. కూలీల కంటబడకుండా పూచిన పిలక ఒకటి రెండు మిగిలితే అప్పుడు సంకరపు వంధ్యత్వం ఆదుకుంటుంది. రెండో కంచెగా దాని విలువ దానికి వున్నది. మొదటి కంచెగా పెట్టి, తలలు తుంచే కూలి డబ్బు మిగుల్చుకోవాలనుకోవడమే తప్పు.

ఔషధ పరిశ్రమ మటుకు చాలావరకు వేరే దారి పట్టింది. 2014లో ఎబోలా వ్యాధి ప్రబలినప్పుడు కొందరు రోగులకిచ్చిన ప్రతిరక్షకాల మిశ్రమం కెంటకీలో నికోటియానా బెంతామియానా అనే చిన్న జాతిలో తయారైంది. కెనడా 2022లో అనుమతించిన కొవిడ్ టీకా ఒకటి కూడా అదే మొక్కలో తయారైనదే. దానిని తయారు చేసిన సంస్థ మరుసటి సంవత్సరమే మూతబడిందన్నది వేరే కథ. ఈ పద్ధతిలో మొక్క విత్తనంలో జన్యువు వుండదు. మూసిన గాజుటింట్లో పెరిగిన మొక్క ఆకులలోకి జన్యువును మోసే బాక్టీరియా ద్రావణాన్ని ఎక్కిస్తారు, ఆకు కొద్ది రోజులపాటు మందు తయారు చేస్తుంది, వారం పది రోజులలో మొక్కను కోసివేస్తారు. అది పుష్పించే వయస్సుకు చేరదు.